నెర్రెలో పూడని చోటు

మా పక్కింటి అయ్యవారు పోయిన సంగతి నాకు ఆదోనిలో తెలిసింది. పత్రిక కోసం పత్తి ధరలు రాసుకుని మార్కెట్టు నుంచి బయటికి వస్తుంటే ఎమ్మిగనూరు బస్సు కండక్టరు నన్ను చూసి బస్సు దిగాడు. "మీ రాళ్ల అయ్యోరు తెల్లారేసరికి లేడప్పా. నిద్రలోనే పోయినాడంట. నీకు మరిచిపోకుండా చెప్పమని మీ వీధి వాళ్లు చెప్పి పంపినారు" అన్నాడు. అదే బస్సులో తిరిగి వెళ్లాను.

మా వీధిలో అడుగు పెట్టగానే మగ్గాల చప్పుడు లేదని గమనించాను. మాది నేతగాళ్ల వీధి. పగటిపూట ప్రతి ఇంట్లోనూ గుంట మగ్గం ఆడుతూనే ఉంటుంది. ఆ రోజు ఒక్కటీ ఆడలేదు. అయ్యవారు బతికున్న రోజుల్లో కూడా ఆయన కోసం ఆ మగ్గాలు ఆగేవి. ఎందుకు ఆగేవో చెబితే ఆయన ఎవరో సగం చెప్పినట్టే.

ఆయన మద్రాసులో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పారు. ఉద్యోగం అయిపోయాక భార్యతో సొంత ఊరికి వచ్చేశారు. ఇత్తడి మైక్రోస్కోపు ఒకటి, రాళ్లు నింపిన చెక్కపెట్టెలు కొన్ని బండి మీద వచ్చాయి. ఊళ్లో ఆయన్ని రాళ్ల అయ్యవారు అనేవారు కానీ, నిజానికి ఆయన చూసేది రాతిలోని పగుళ్లను. మా వైపు వాటిని నెర్రెలంటారు. భూమి లోపల రాయి పగిలితే ఆ నెర్రెలోకి నీళ్లు చేరతాయి. నీళ్లలో కరిగి ఉన్న సున్నమూ పలుగురాయి పదార్థమూ గోడల మీద స్ఫటికాలుగా పేరుకుంటాయి. కొండరాళ్ల మీద మనం చూసే తెల్ల చారలు అట్లా పూడిన నెర్రెలే. ఆ పూడికను ఆయన 'అతుకు' అనేవారు. అతుకు ఒక్కసారిగా పడిందా, పడిన తర్వాత రాయి మళ్లీ పగిలి మళ్లీ అతుక్కుందా, ఎక్కడైనా పూడకుండా సందు మిగిలిందా అనేది ఆ స్ఫటికాల అమరిక చూస్తే తెలుస్తుంది. మామూలు కంటికి ఆ అమరిక అందదు. దాన్ని మైక్రోస్కోపు కింద చూసి ఫోటో తీయడం ఆయన చివరి ఏళ్లలో పెట్టుకున్న పని. దీనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆయన అడగనూ లేదు.

పొద్దున్నే అరుగు మీద కూర్చుని రాయి నూరేవారు. చిన్న రాతి పెచ్చును ఎమరీ పొడీ నీళ్లూ వేసి ఒకవైపు నున్నగా అరగదీసి, ఆ వైపు గాజు ముక్కకు అతికించి, రెండోవైపు అరగదీస్తూ పోవాలి. కింద పెట్టిన పత్రికలో అక్షరాలు రాయిలోంచి కనపడే దాకా నూరాలి. ఒక్క నిమిషం ఎక్కువ నూరితే రాయి మిగలదు, బూడిదరంగు నీళ్లు మిగులుతాయి. ఆ పరీక్షకు ఆయన వాడిన పత్రిక నేను రాసేదే. "నీ వార్త ఈ రాయిలోంచి చదవొస్తాంది. ఈ పక్క తప్పు కూడా కనపడతాంది" అనేవారు. తప్పు నిజంగానే ఉండేది.

అయ్యవారమ్మకు ఈ నూరుడు మీద ఒక కథ ఉంది. వాళ్ల పెళ్లయిన కొత్తలో ఆమె పుట్టింటికి పోయి, "ఆయన ఎప్పుడు చూసినా రాళ్లు నూరతాంటాడమ్మా" అని చెప్పిందట. "వైద్యం నేర్చుకుంటాండాడేమోలే, మంచిదే కదా" అన్నదట వాళ్లమ్మ. ఆ మాట తన తల్లి పోయేదాకా మారలేదనీ, తలనొప్పి వచ్చినప్పుడల్లా అల్లుడికే కబురు పెట్టేదనీ అయ్యవారమ్మ చెప్పేది. అయ్యవారు పక్కనే ఉండి, "శొంఠి నూరి ఇచ్చినాను కదా, తగ్గింది కదా" అనేవారు.

ఫోటో తీయడం ఇంకా కష్టం. మైక్రోస్కోపు మీద తిత్తి కెమెరా బిగించి, కింద చిన్న అద్దంతో ఎండను లోపలికి మళ్లించి, గాజు ప్లేటు మీద బొమ్మ పడేదాకా కదలకుండా ఉంచాలి. పక్క ఇళ్లలో మగ్గం దెబ్బ పడినప్పుడల్లా నేల అదిరి బొమ్మ చెదిరిపోయేది. అందుకని ఆయన మధ్యాహ్నం నేతగాళ్లు అన్నానికి లేచే వేళ కోసం కాచుకునేవారు. ఎండ కూడా అప్పుడే బాగుంటుంది. కొన్నాళ్లకు ఈ సంగతి వీధి అంతా తెలిసింది. అన్నాలు అయిపోయి మగవాళ్లు లేవబోతే ఎదురింటి ముసలామె, "ఇంకో ముద్ద తినండప్పా, అయ్యోరి రాయి ఇంగా నగలేదంట" అనేది. పనయిందని ఆయన వాకిట్లోకి వచ్చి చేయి ఊపితే నాడెలు మళ్లీ కదిలేవి. ప్లేట్లు కడిగేది జొన్నలు పోసుకునే చీకటి గదిలో. జొన్నరొట్టెలో మందు వాసన వస్తోందని అయ్యవారమ్మ దెప్పితే, "రుచి ఎప్పటి మాదిరే ఉండాది" అని ఆయన తినేవారు.

మైక్రోస్కోపులో చూసింది చాలదా, ఫోటో ఎందుకని ఒకసారి అడిగాను. "కన్ను తాను వెతికేదాన్నే చూస్తాదప్పా. ప్లేటుకు వెతుకులాట లేదు. దాని ముందర ఉండేదంతా దాంట్లో పడతాది" అన్నారు. నా వృత్తికి పనికొచ్చే మాట కాబట్టి గుర్తు పెట్టుకున్నాను. ఆయనకే అది ఎట్లా పనికొచ్చిందో చెప్పాలి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెద్దకడుబూరు దాపున ఒక పల్లె ఉంది. ఆ పల్లెకు ఎడంగా, చిన్న చర్చి చుట్టూ కూలి చేసుకునే కుటుంబాల వాడ ఉంది. ఊరి బావిలో వాళ్లు చేద వేయడానికి లేదు. ఆడవాళ్లు కడవలు పెట్టుకుని గట్టు కింద నిలబడితే, నీళ్లు చేదుకునే వాళ్లలో ఎవరికైనా మనసైనప్పుడు పోసేవాళ్లు. ఎండాకాలం వస్తే మనసు కూడా ఎండిపోయేది. సర్కారు ఆ వాడకు వేరే బావి మంజూరు చేసింది. వాడ వాళ్లే తవ్వారు. మట్టి పోయింది, మొరం పోయింది, గట్టి రాయి తగిలింది. మందు పెట్టి పేల్చారు. ఇంకా రాయే. అంతకు ముందరి వానాకాలం వానలు సరిగా పడలేదు. ఇక్కడ నీళ్లు పడవని, సామాను వేరే ఊరికి తరలిస్తానని సర్కారు తరఫున పని చూసే ఓవర్సీరు చెప్పాడు. నేను ఆ బావి పనుల మీద రాయడానికి వెళ్లినప్పుడు పని మేస్త్రీ యేసోబు ఈ సంగతంతా చెప్పాడు. రాళ్లను చూసి చెప్పగలిగిన మనిషి మా వీధిలో ఉన్నాడని నేను అన్నాను.

వారం తిరక్కుండా యేసోబూ అతని చెల్లెలు మరియమ్మా రాళ్ల గంపతో ఎమ్మిగనూరు వచ్చారు. మరియమ్మ ఆ బావిలోంచి రాళ్లు మోసే ఆడవాళ్లలో పెద్దది. ఇద్దరూ వీధిలోనే నిలబడ్డారు.

"రాళ్లు తెచ్చినోళ్లు ఆడ నిలబడితే నేను చూసేది యెట్ల? పైకి రాండి" అన్నారు అయ్యవారు.

"పర్వాల్యా అయ్యోరూ, ఈడనే ఉంటాం" అంది మరియమ్మ.

"నాకు కండ్లు అంత దూరం ఆనవమ్మా. అరుగు మీదికి రాండి."

మరియమ్మ గంప దించి తెల్లగుడ్డ విప్పింది. గుప్పెడంత రాళ్లు, ఒక్కోదాంట్లో పాలలాంటి చార. మచ్చ లేదు. అయ్యవారు ఒకదాన్ని ఎండకు తిప్పి చూసి, "ఏం రాళ్లప్పా, పెండ్లికూతుర్ల మాదిరి ఉండాయి" అన్నారు. మరియమ్మ ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆమె మాటలో నిలవలేదు.

"నీళ్లుండాయా లేవా చెప్పు అయ్యోరూ. మంచిదైనా చెడ్డదైనా. ఓవర్సీరు సామాను యెత్తినాడంటే మల్లా మా వాడలో బాయి అనే మాట యెవురూ యెత్తరు. మా బిడ్డలు కూడా ఆ గట్టు కిందనే నిలబడల్ల."

అయ్యవారు ఆ రాళ్లలో నాలుగింటిని నూరి చూశారు. నెర్రెకు రెండు వైపుల నుంచీ పెరిగిన స్ఫటికాలు మధ్యలో కలుసుకుని, పళ్లు కరుచుకున్నట్టు బిగిసిపోయి ఉన్నాయి. వెంట్రుక దూరే సందు లేదు. అదే చెప్పారు. సంతకు వచ్చిన ఓవర్సీరు దారిలో కలిసి అడిగితే అతనికీ అదే చెప్పారు. మరుసటి శుక్రవారం తర్వాత సామాను ఎత్తించాలని ఓవర్సీరు నిర్ణయించుకున్నాడు. యేసోబు అయ్యవారు పంపిన కబురు విని, "సరేలే" అని మాత్రమే అన్నాడు. అప్పటికి ఆ వాడ కథ అయిపోయినట్టే.

అయినా అయ్యవారు ఆ రాళ్లకు ఫోటోలు తీశారు. తెచ్చిన వాళ్లకు వాళ్ల రాయి బొమ్మ ఇవ్వడం ఆయన అలవాటు. రెండు రోజుల తర్వాత సాయంత్రం నన్ను పిలిచి, ఇంకా తడి ఆరని ఫోటో చేతిలో పెట్టారు.

"అంచు చూడు. నడుమ కాదు, అంచు."

చూశాను. స్ఫటికాల అంచులు ఒక వైపున కొరికినట్టు గుంటలు గుంటలుగా ఉన్నాయి. ఎవరో చక్కెర బిళ్ల చప్పరించి వదిలినట్టు ఉంది.

"నీళ్లు తిన్నాయేమో" అన్నాను.

"నెర్రెలో పారిన నీళ్లు తినింటే గుంటలు నెర్రె పొడుగునా ఉండల్ల. ఇవి సుత్తితో పగలగొట్టిన ముఖం మీద ఉండాయి. ఆ ముఖం పుట్టి ఎన్నాళ్లాయె? బాయిలోంచి పైకి వచ్చినాక ఈ రాతికి పులుపు తగిలింది." ఆయన ఫోటో వెనక్కి తీసుకున్నారు. "నాలుగు రాళ్లు చూసినా నేను. నాలుగిట్లో నడుమనే చూసినా. రేపు పొద్దున పల్లెకు పోదాం, వస్తావా?"

పెద్దకడుబూరు దాకా బస్సులో పోయి, అక్కణ్ణించి బండి కట్టించుకున్నాం. ఆయనకు ఆయాసం ఉండేది. బావి దగ్గర యేసోబు తాళ్లు చుట్టి కట్టలు కడుతున్నాడు. మమ్మల్ని చూసి వాడలో ఉన్న వాళ్లంతా వచ్చారు. అయ్యవారు బండి దిగీ దిగకముందే మరియమ్మను అడిగారు.

"ఆ రాళ్లు నా దగ్గరికి తెచ్చే ముందర దేంతోనన్నా తోమినారామ్మా?"

మరియమ్మ కొంగు చుట్టుకుంది.

"తిట్టేదానికి అడగల్యా. చెప్పు."

"చింతపండుతో తోమినాం అయ్యోరూ. తుప్పు మాదిరి ఎర్రగా పట్టింటే."

"ఎందుకు తోమినారు?"

"మీ ఇంటికి తెచ్చేది కదా. మా వాడ నుంచి ఒక వస్తువు మీ యింట్లోకి పోతాంటే మురికిగా పంపిస్తామా?"

ఆయన రెండో ప్రశ్న వేశారు. "తోమితే బాగుపడని రాళ్లు ఏం చేస్తిరి?"

"పుచ్చు రాళ్లా? అవి తోమేలోపలే చేతిలో పొడి అయిపోతాండె. బొక్కలు బొక్కలుగా, ఎర్రమన్నుతో ఉండె. అట్లాటివి పెద్దోళ్ల ఇంటికి తెస్తారా ఎవురన్నా? మంచివి ఏరి తెచ్చినాం. తక్కినవి గుట్టలో పారేసినాం" అని, బావిలోంచి తీసిన రాళ్ల గుట్ట వైపు చేయి చూపింది.

అయ్యవారు ఆ గుట్ట దాకా నడిచి వెళ్లి దాని మీద కూర్చున్నారు. కాలి దగ్గరున్న రాయి ఒకటి తీసి విరిస్తే సులువుగా విరిగింది. లోపల వేలెడు మందం చార. చార మధ్యలో గూడులాంటి ఖాళీ. ఖాళీలోకి చూస్తున్న చిన్న చిన్న స్ఫటికాల మొనలు. వాటి మీద ఎర్రటి పొర. నీళ్లు నడిచిన చోటే ఆ ఎరుపు పడుతుందని ఆయన మాకు చెప్పారు. సన్నటి నెర్రెలు పూర్తిగా పూడిపోతాయని, వెడల్పాటి వాటిలో స్ఫటికాలు అక్కడక్కడా వంతెనలు కట్టి మధ్యలో ఖాళీలు వదులుతాయని, తాను చూసినవన్నీ సన్నటివేనని అన్నారు.

"యేసోబూ, తప్పు నాది. రాళ్లు యెట్ల ఏరినారని అడగకుండానే నీళ్లు లేవని చెప్పినాను."

యేసోబు తల గోక్కుని, "పుచ్చు రాళ్లే కావల్లంటే బండి నిండా యెత్తిస్తాం అయ్యోరూ. అవి మాకు కొదవ ల్యా" అన్నాడు. అందరూ నవ్వారు. అయ్యవారు కూడా నవ్వారు. ఆ రాళ్లు బావిలో ఏ పక్క నుంచి వచ్చాయని అడిగితే, తూర్పు గోడ నుంచని మోసిన ఆడవాళ్లంతా ఒకే మాట చెప్పారు.

ఆ పుచ్చు రాళ్లను నూరడం మామూలుగా కుదరదు. ఎమరీ తగలగానే రాలిపోతాయి. వాటిని కరిగిన గుగ్గిలంలో ఉడికించి, ఖాళీల్లోకి గుగ్గిలం ఎక్కి గట్టిపడ్డాక నూరాలి. అయితే గుగ్గిలానికి రంగు లేదు, ఖాళీ ఎక్కడుందో స్ఫటికం ఎక్కడుందో ఫోటోలో తెలియదు. అందుకని నూలుకు రంగు అద్దే వాళ్ల ఇళ్లకు పోయి ఎర్రరంగులు తెచ్చారు. కొన్ని గుగ్గిలంలో కరగలేదు, గింజలు కట్టాయి. ఒకటి కరిగింది. ఎరుపే ఎందుకని అద్దకం వాళ్లు అడిగారు. ఆయన వాడే ప్లేట్లకు ఎరుపు కనపడదు, ఎర్రగా ఉన్న చోటు ఫోటోలో నల్లగా పడుతుంది. అతుకు తెల్లగా, సందు నల్లగా, చూసే వాడికి అనుమానం లేకుండా ఉంటుంది.

ఉడికించింది అయ్యవారమ్మ పప్పు గిన్నెలో. ఆమె వాకిట్లో నిలబడి వీధికంతా వినపడేట్టు అంది. "ఇంగ ఆ గిన్నెలో పప్పు వండితే తిన్నోళ్ల నెర్రెలన్నీ పూడిపోతాయి." కాసేపాగి ఆమే కట్టెలు ఎగదోసింది. వాడ సంగతి ఆమెకు తెలుసు.

గురువారం నాటికి రాళ్లు సిద్ధమయ్యాయి. ఆ రోజు మధ్యాహ్నం ఒక్క అన్నం వేళ చాలదు. ఐదారు ప్లేట్లు తీయాలి, ఒకటి పాడైతే మళ్లీ తీయాలి. ఆయన వీధిలో ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగింది అయ్యవారమ్మ అని తర్వాత తెలిసింది. అన్నాలయ్యాయి, చేతులు కడుక్కున్నారు, ఎవరూ మగ్గం గుంటలోకి దిగలేదు. వాకిళ్లలో కూర్చుని ఆకువక్క వేసుకున్నారు. ఎదురింటి ముసలామె కొడుకు, "ఏ రాతికి ఇంత అలక? ఇంతసేపాయె నగదే" అన్నాడు. "పుచ్చు పండ్ల రాయంట, నోరు తెరిచేదానికి సిగ్గుపడతాంది" అంది ముసలామె. ఎండ పడమటికి వాలేదాకా ఆ వీధి అట్లాగే ఉంది.

శుక్రవారం పొద్దున ఇద్దరం ఆదోనిలో ఓవర్సీరు దగ్గరికి పోయాం. అయ్యవారు రెండు ఫోటోలు బల్ల మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి మొదటి రాయిది, అంతా తెలుపు. రెండోదాంట్లో తెల్లటి స్ఫటికాల మధ్య నల్లటి ఖాళీలు, ఒకదాన్నుంచి ఒకదానికి దారి కలుస్తూ.

ఓవర్సీరు చెడ్డవాడు కాదు. పని ఎక్కువ, సామాను తక్కువ. అతను రెండు ఫోటోలనూ చాలాసేపు చూశాడు.

"పోయిన వారం లేవని చెప్పింది మీరే కదా."

"అవును. అది తప్పు."

"ఇప్పుడు నీళ్లుండాయని రాసిస్తారా?"

"రాసియ్యను. తూర్పు గోడలో నెర్రె పూడలేదని రాసిస్తాను. దాంట్లో నీళ్లుండేది లేంది వాన యెంత దిగిందో, నెర్రె యెంత దూరం పోయిందో దాన్ని బట్టి. అది నాకు ఈ అద్దంలో కనపడదు."

"పైవాళ్లకు నేనేం చెప్పల్ల? పూడలేదు గానీ నీళ్లు తెలీదు అనా?"

"అదే చెప్పప్పా. అంతకన్నా ఎక్కువ చెప్తే మల్లా వచ్చి దిద్దుకోవల్లొస్తాది."

ఓవర్సీరు నవ్వు ఆపుకోలేకపోయాడు. కొత్తగా మందు ఇవ్వడం తన చేతిలో లేదన్నాడు. బావి దగ్గర మిగిలిన మందు మాత్రం అక్కడే వాడుకోవచ్చని, అది అయ్యేదాకా సామాను ఎత్తించనని ఒప్పుకున్నాడు. మిగిలింది ఎక్కువ లేదు. ఒకే చోట పెట్టి పేల్చేటంత.

బావి నడుమ ఇంకా లోతుకు పోవాలని యేసోబు మనసు. తూర్పు గోడలోకి అడ్డంగా పెట్టమని అయ్యవారి మాట. ముందు ఒకసారి తప్పు చెప్పిన మనిషి మాట మీద ఉన్న మందంతా ఖర్చు పెట్టాలి. వాడలో మగవాళ్లు గొణిగారు. మరియమ్మే తేల్చింది. "ఆయన తప్పు చెప్పినానని బండి కట్టుకుని వచ్చి చెప్పిపోయినాడు. ఇన్నేండ్లలో మన వాడకు అట్ల వచ్చినోళ్లు యెవురుండారు? తూరుపుకే పెట్టండి" అంది.

పేల్చిన రోజు నేనూ ఉన్నాను. పొగ పోయాక యేసోబు దిగి చూశాడు. రాళ్లు కూలి పడ్డాయి. తడి లేదు. అతను పైకి వచ్చి ఎవరి వైపూ చూడకుండా పోయి చర్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అయ్యవారు బావి గట్టున కూర్చున్నారు. పొద్దు వాలాక ఆయన బండి ఎక్కుతూ, "కూలిన రాళ్లు తీసి చూడండి. లేకుంటే లేదు" అన్నారు.

మరుసటి రోజు సాయంత్రం యేసోబు ఎమ్మిగనూరుకు నడిచి వచ్చాడు. ఈసారి తిన్నగా అరుగెక్కాడు. రాళ్లు తీస్తుంటే అడుగున ఉన్నవి తడిగా వచ్చాయట. ఆఖరి రాయి తీసేసరికి గోడలోంచి నీళ్లు జారుతున్నాయట. "ఎగజిమ్మల్యా అయ్యోరూ. మెల్లిగా వస్తాండాయి. పాదం మునిగింది. నేను వచ్చేటప్పటికి మోకాలు." అయ్యవారు కళ్లజోడు తీసి పంచె అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. అయ్యవారమ్మ యేసోబుకు అన్నం పెట్టింది.

ఆయన ఆ బావి చూడడానికి వెళ్లింది గట్టు కట్టిన తర్వాత. మరియమ్మ నీళ్లు చేది, చెంబుతో ఇచ్చింది. ఆయన తాగి, నాలుక మీద నీళ్లు ఆడించుకుని, "సున్నం ఉండాది దీంట్లో. అంటే నెర్రె ఇంగా పూడతానే ఉండాది" అన్నారు.

మరియమ్మ భయపడింది. "పూడిపోతాదా?"

"మన కాలానికి కాదమ్మా."

"మా మనవళ్ల కాలానికి?"

"వాళ్ల మనవళ్లకు మనవళ్లు వచ్చినా పూడదు. పప్పు మాత్రం బిరీన ఉడకదు, ఓపిక పట్టల్ల."

ఆ తర్వాత ఆయన అలవాట్లలో ఒకటి మారింది. ఎవరు ఏ రాయి తెచ్చినా మొదట, "తెచ్చింది సరే, వదిలేసింది యాడుంది?" అని అడిగేవారు. వీధిలో పిల్లలకు కూడా ఆ మాట పట్టుబడింది. అయ్యవారమ్మ వంకాయలు కొనేటప్పుడు బుట్ట అడుగుకు చేయి పెట్టి అదే మాట అనేది. తెల్లటి చార ఉన్న మొదటి ఫోటోను ఆయన పారేయలేదు. వచ్చిన వాళ్లకు రెండూ చూపి, మొదటిదాని గురించే ఎక్కువ చెప్పేవారు. ఆ బావి గురించి పత్రికలో రాస్తానంటే ఒప్పుకోలేదు. "బాయి తవ్వింది వాళ్లు. నేను ఆపబోయి ఆపల్యా, అంతే" అన్నారు. ఇప్పుడు అడ్డు చెప్పడానికి ఆయన లేరు కాబట్టి రాస్తున్నాను. ఆయన చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పకుండా ఉండడానికి చూశాను.

దహనానికి వాడ నుంచి చాలామంది నడిచి వచ్చారు. యేసోబు చితికి కట్టె మోశాడు. ఎవరూ వద్దనలేదు. మరియమ్మ అయ్యవారమ్మ పక్కన కూర్చుని, ఆ రోజంతా ఆమె చేయి వదల్లేదు.

నాలుగు రోజుల తర్వాత నేను ఆ వాడకు పోయాను. పని ఏమీ లేదు. ఎండవేళ, బావి దగ్గర ఎవరూ లేరు. మరియమ్మ కోడలు కడిగిన కడవను ఇంటి ముందర రాతి మీద బోర్లించకుండా పక్కకు వాల్చి పెట్టింది. దాని నోరు ఎండ వైపు ఉంది. లోపల, రోజూ నీళ్లు నిలిచే ఎత్తున, గోరు గీసినంత సన్నగా తెల్లటి సున్నపు గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. ఎండకు అది సన్నగా మెరుస్తోంది.